యేసుదాసు గారబ్బాయి చెయ్యి పెద్దది

రేపల్లెలో యేసుదాసు మాస్టారంతటి పిసినారి మరొకడు లేడని చెప్పుకునేవాళ్లు. పక్కింట్లో పెళ్లయితే ఆ రోజుకి తన ఇంట్లో లైటు ఆర్పేసి, కొడుకుని పుస్తకాలతో సహా పెళ్లిపందిట్లో కూర్చోబెట్టి చదివించిన ఘనుడాయన. చర్చిలో కానుక సంచి తన వరసలోకి వస్తోందని పసిగట్టగానే కళ్లు మూసుకుని ప్రార్థనలోకి దిగిపోయేవాడు. సంచి దాటిపోయాక గానీ పరిశుద్ధాత్మ ఆయన్ని వదిలేది కాదు.

ఆయనకి ఒక్కగానొక్క కొడుకు రమేష్ బాబు. వాడికి తొమ్మిదేళ్లప్పుడు చర్చిలో బలిపీఠం వెనక ముదురెరుపు వెల్వెట్ తెర కొత్తది కట్టారు. కట్టగా మిగిలిన గుడ్డని యేసుదాసు బతిమాలి తెచ్చుకుని, కొడుక్కి క్రిస్మస్ చొక్కా కుట్టించాడు. పండగనాడు సండేస్కూలు పిల్లలంతా ఆ తెర ముందు నిలబడి పాట ఎత్తుకున్నారు. రమేష్ బాబులో సంఘానికి కనిపించింది ఒక తల, రెండు చేతులు. మిగతాదంతా తెరలో కలిసిపోయింది. గాల్లో తేలే తలకాయ రక్షకుడు పుట్టాడని గొంతెత్తి పాడుతుంటే, పాస్టరు గారి భార్య నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది. ఆ తర్వాత పదో తరగతి అయ్యేదాకా వాడి పేరు కర్టెన్ గాడు.

పెద్దయ్యాక తనని మాత్రం ఎవడూ పిసినారి అనకూడదని వాడు ఆ రోజే అనుకున్నాడు. పిల్లలు ఇలాంటివి సవాలక్ష అనుకుని మర్చిపోతారు. వీడు మర్చిపోలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఇప్పుడు నలభై ఆరేళ్ల రమేష్ బాబు కర్లపాలెం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. కాపురం తెనాలిలో. రోజూ పొద్దున్నే రైలెక్కి బాపట్లలో దిగి, స్టేషను బయట టిఫిన్ చేసి, అక్కణ్ణుంచి ఆటోలో స్కూలుకి పోతాడు. తోడుగా నలుగురైదుగురు మాస్టార్లు ఉంటారు. వాళ్లలో మధుసూదన్ అనే సోషల్ మాస్టారుకి బిల్లు రాగానే జేబులో చెయ్యి పెట్టే అలవాటు. ఆ చెయ్యి ఏనాడూ బయటికి రాలేదు, రావలసిన అవసరమూ పడలేదు. ఈలోపే రమేష్ బాబు అందరిదీ కట్టేసేవాడు. "ఇంకో పెసరట్టు వేయించుకోండి మాస్టారూ, మొహమాటపడకండి" అని తినిపించి మరీ కట్టేవాడు.

పెళ్లికెళ్తే చదివింపుల్లో మొదటి పేరు అతనిదే. స్కూలు అటెండరు కూతురి ఓణీల ఫంక్షనుకి వెండి పట్టీలు. చుట్టాలొస్తే బిర్యానీ, వెళ్తుంటే వాళ్ల పిల్లల చేతుల్లో నోట్లు. తిరగడానికి వాయిదాల మీద బుల్లెట్ బండి. "యేసుదాసు గారబ్బాయి చెయ్యి పెద్దదండీ" అని ఎవరైనా అంటే చాలు, అతనికి ఆ పూట అన్నం అక్కర్లేదు. జీతం పదో తారీఖు దాటేది కాదు. ఆ తర్వాత క్రెడిట్ కార్డు. దాని వాయిదాకి ఇంకో కార్డు. రెండింటికీ కలిపి ఫోనులో అప్పులిచ్చే యాప్.

పిల్లలకి చక్రవడ్డీ పాఠం చెప్పేటప్పుడు గొంతు ఖంగుమనే మనిషి, బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే చూపు తిప్పేసుకునేవాడు. చదవకుండా ఫోను బోర్లా పెట్టేవాడు. మళ్లీ మోగితే దిండు కింద తోసేవాడు. ఊపిరాడక అదే చస్తుందనుకునేవాడో ఏమో.

భార్య ఫ్లోరెన్స్ తెనాలిలోనే ఆసుపత్రి నర్సు. "ఈ నెల ఎంత మిగిలిందండీ?" అని ఆవిడ అడిగితే అతని దగ్గర ఒకటే జవాబుండేది.

"మా నాన్నలా మాట్లాడకు ఫ్లోరీ."

అంతటితో మాట తెగిపోయేది. చచ్చిపోయిన మామగారితో పోల్చాక ఏ కోడలు మాత్రం ఇంకేం మాట్లాడుతుంది?

ఆ ఏడు రేపల్లె చర్చికి నూరేళ్లు నిండాయి. అరవై అడుగుల గంటగోపురం కట్టాలని సంఘపెద్దలు తీర్మానించి, పాత కుటుంబాలన్నిటినీ ఒక ఆదివారం పిలిచారు. రమేష్ బాబు భార్యనీ, డిగ్రీ చదివే కూతురు షారోన్‌నీ తీసుకుని వెళ్లాడు. ప్రసంగం అయ్యాక కోశాధికారి చిన్నయ్య గారు మైకు పుచ్చుకుని వాగ్దాన కానుకల పేర్లు పిలవడం మొదలెట్టాడు. ఒకరు పాతిక వేలన్నారు, ఒకరు యాభై అన్నారు. రమేష్ బాబు వంతు వచ్చింది.

"మన యేసుదాసు మాస్టారి అబ్బాయి వచ్చారండి" అన్నాడు చిన్నయ్య గారు. "కళ్లు తెరుచుకునే ఉన్నారు, సంతోషం."

చర్చి చర్చంతా గొల్లుమంది. రమేష్ బాబుకి చెవులు కాలిపోయాయి. లేచి నిలబడ్డాడు.

"లక్ష రాసుకోండి" అన్నాడు.

నవ్వు ఠక్కున ఆగింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు మోగినంతసేపూ అతను రాజు. అవి ఆగాక ఆడవాళ్ల వైపు చూశాడు. ఫ్లోరెన్స్ అతన్ని చూడటం లేదు. చెప్పులు వెతుక్కుంటోంది. దీవెన కూడా కాకముందే కూతుర్ని తీసుకుని స్టేషనుకి వెళ్లిపోయింది.

జేబులో లక్ష కాదు కదా, తెనాలికి టిక్కెట్టు పోను టీకి మిగిలేంతే ఉంది. రమేష్ బాబు తిన్నగా మేనత్త కాంతమ్మ ఇంటికి నడిచాడు. యేసుదాసుకి చెల్లెలావిడ. ఎనభైకి దగ్గరపడినా నోరు మాత్రం పాతికేళ్ల పదును. ఆవిడ కూడా పొద్దున చర్చిలోనే ఉంది. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి కోడికూర వడ్డించింది.

"ఎంత కావాలి?" అంది, వాడు నోరు తెరవకముందే.

"లక్ష అత్తా. ఆర్నెల్లలో సర్దేస్తా."

"ఇవ్వను. ముక్క వేసుకో."

రమేష్ బాబు ముక్క వేసుకున్నాడు. తర్వాత ఎన్నాళ్లనుంచో నాలుక చివర ఉన్న ప్రశ్న అడిగాడు. పిసినారి అనిపించుకున్నవాడు పోయాక, ఏ అనాథపిల్లో వచ్చి 'నన్ను చదివించింది ఈ మహానుభావుడే' అని సమాధి మీద పడి ఏడుస్తుందని అతనికి లోలోపల ఓ ఆశ. తండ్రి పోయి ఏళ్లు గడిచినా ఆ పిల్ల ఇంకా రాలేదు.

"అత్తా, నాన్న లోపల మంచోడే కదా? ఎవరికైనా చాటుగా ఏదైనా పెట్టాడా?"

"చాటుగానా?" కాంతమ్మ గరిటె కింద పెట్టింది. "వాడు చాటుగా చేసింది ఒక్కటే, మా పెరట్లో కొబ్బరికాయలు దింపుకుపోవడం. నా పెళ్లికి ఒక గొడుగు పెట్టాడ్రా. వానలు మొదలవగానే వచ్చి పట్టుకుపోయాడు. మా అన్న లోపలా బయటా అచ్చమైన పిసినారి. కల్తీ లేదు."

రమేష్ బాబు మొహం వాడిపోయింది. "అందుకే కదత్తా ఊరంతా నవ్వింది."

"నవ్వింది. నిన్ను చూసి నవ్వట్లేదనుకున్నావా? పొద్దున నువ్వు లక్ష అనగానే నా వెనక కూర్చున్న కృపమ్మ ఏమందో చెప్పనా? 'లేచాడమ్మా జమీందారు, కూతురి ఫీజుకి కాలేజీవాళ్లు వెంటపడుతున్నారంట' అంది. దాని మనవరాలు మన షారోన్ క్లాసే."

ముద్ద గొంతులో అడ్డం పడింది. కాంతమ్మ మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపింది గానీ, నోరు మాత్రం ఆపలేదు.

"వాణ్ణి చూసి నవ్వారు, నిన్ను చూసీ నవ్వుతున్నారు. కాకపోతే వాడు నవ్వించుకుని డబ్బు మిగుల్చుకున్నాడు. నువ్వు ఎదురు డబ్బిచ్చి నవ్వించుకుంటున్నావు. మీ ఇద్దర్లో తెలివైనవాడెవడ్రా అబ్బాయ్?"

కోపంతో సగం తిన్న కంచం ముందునుంచి లేచి వచ్చేశాడు రమేష్ బాబు. రైల్లో కోపం వేమూరు దాకా ఉంది. జంపని దగ్గరకొచ్చేసరికి చల్లారి, దాని కింద ఉన్న సిగ్గు బయటపడింది. షారోన్ ఫీజుకని తీసి పెట్టిన డబ్బు ఏమైందో అతనికి బాగా తెలుసు. హెడ్మాస్టరు రిటైరైతే ఆయన మెళ్లో గొలుసై కూర్చుంది. ఆ హెడ్మాస్టరు అతన్ని పదేళ్లు కాల్చుకుతిన్నవాడు. ఆయన ముందు కూడా చెయ్యి పెద్దది చేసుకోవాలనిపించింది!

ఇంటికొచ్చేసరికి ఫ్లోరెన్స్ వంటింటి గట్టు మీద గోంగూర వలుస్తోంది. షారోన్ స్నేహితురాలింటికి వెళ్లింది.

"ఫీజు కట్టలేదు ఫ్లోరీ. కట్టానని అబద్ధం చెప్పాను."

"తెలుసు. శుక్రవారం నేను కట్టేశాను."

"నీకెక్కడిది?"

ఫ్లోరెన్స్ గోంగూర పక్కన పెట్టింది. "నా జీతం మీరనుకున్నంత కాదండీ. ఎక్కువ. రెండుసార్లు పెంచారు, మీకు చెప్పలేదు. మీ చెయ్యి పెద్దదని అందరూ మెచ్చుకుంటుంటే, నా చెయ్యి కనపడకుండా దాచుకున్నాను."

అరవాలో, ఆవిడ కాళ్ల మీద పడాలో అతనికి తోచలేదు. రెండింటికీ మధ్యలో పీట మీద కూలబడ్డాడు.

"నన్ను మోసం చేశావన్నమాట."

"చేశాను. మీరు నన్ను చేశారు. చెల్లుకి చెల్లు. ఉందని తెలియాలని చెప్పాను గానీ, మీ అప్పులకి ఇస్తానని కాదు. ఇంక మీ ఫోను ఇలా తెండి."

ఆ ఫోను తెరవడానికి అతను పడ్డ యాతన చూస్తే, పంటి నొప్పికి డాక్టరు దగ్గరకొచ్చిన చిన్నపిల్లలు నయం. ఛార్జింగు లేదన్నాడు. ఉంది. కళ్లజోడు కనపడటం లేదన్నాడు. నెత్తిన ఉంది. చివరికి ఒళ్లంతా చెమటలు పట్టేసరికి ఫ్లోరెన్స్ లోపల్నుంచి మిషను తెచ్చి బీపీ చూసింది.

"చావరు. చదవండి."

ఒక్కో మెసేజీ పైకి చదివాడు. మొదటిదానికి గొంతు వణికింది. పదోదానికి విసుగొచ్చింది. అన్నీ అయ్యాక తేలిన మొత్తం చిన్నదేమీ కాదు. అతని ఏడాది జీతానికి కాస్త అటూ ఇటూ. కానీ ఇన్నాళ్లూ దిండు కింద పెరిగిన భూతం ఇంకా పెద్దది. దానికి అంకె లేదు. దీనికి ఉంది. అంకె అంటూ ఉంటే లెక్కల మాస్టారు ఏదో ఒకటి చెయ్యగలడు. బుల్లెట్ అమ్మాలి, కార్డులు కత్తిరించాలి, యాప్ అప్పు ముందు తీర్చాలి. అంతా కాయితం మీద పెడుతుంటే, చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

"మరి లక్ష సంగతి?" అంది ఫ్లోరెన్స్.

ఆకలి పోయింది.

తర్వాతి ఆదివారం మళ్లీ రేపల్లె వెళ్లారు. ప్రకటనల వేళ రమేష్ బాబు లేచాడు. ముందు బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"వందనాలండి. పోయిన వారం లక్ష అన్నాను. అది నా దగ్గర లేదండి. అన్నప్పుడూ లేదు. ఐదు వేలు ఇవ్వగలను, అదీ రెండు విడతల్లో."

వెనకనుంచి ఎవరో అననే అన్నారు.

"తండ్రికి తగ్గ కొడుకు."

ఏ మాట చెవిన పడకూడదని ఇన్నేళ్లూ డబ్బు తగలేశాడో ఆ మాట రానే వచ్చింది. భూమి చీలుతుందని ఎదురుచూశాడు. చీల్లేదు. ఎవరి పిల్లాడో పాలకి ఏడ్చాడు, వాళ్లమ్మ బయటికి తీసుకెళ్లింది. అంతే.

చిన్నయ్య గారు వెటకారంగా మైకు ఎత్తాడు. "ఇంకెవరైనా ఉన్నారా ఇలాంటివాళ్లు?"

మూడో వరసలో ఒక రిటైర్డ్ తాసిల్దారు మెల్లిగా చెయ్యి లేపాడు. "నాది యాభై అన్నాను కదండీ... పదిహేను చేసుకోండి. మా కోడలికి ఆపరేషనుంది." ఆయన వెనక ఇంకొకరు లేచారు. ఆ తర్వాత ఆడవాళ్ల వైపునుంచి సాక్షాత్తూ కృపమ్మ లేచింది. చిన్నయ్య గారికి రాసుకున్నవి కొట్టేయడానికి పెన్ను చాల్లేదు. పాస్టరు గారు ఆ రోజు ప్రసంగంలో నరకాగ్ని గురించి మామూలుకన్నా పావుగంట ఎక్కువ చెప్పారు. గోపురం ఆ ఏడాది చివరికి నలభై అడుగులతో పూర్తయింది. గంట కొడితే ఊరి చివరిదాకా బాగానే వినిపిస్తోంది.

బయటికొస్తుంటే కాంతమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇప్పుడు రా, ఆ రోజు వదిలేసిన కూడు తిందువుగాని" అంది.

సోమవారం బాపట్లలో టిఫిన్ అయ్యాక అతను తనది మాత్రమే కట్టి, "ఇవాళ్టినుంచి ఎవరిది వాళ్లం కట్టుకుందామండి" అన్నాడు. మధుసూదన్ జేబులోని చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాపం, అందులో నిజంగానే పర్సు లేదు. రమేష్ బాబు మాస్టారికి వాళ్ల నాన్న పూనాడని మర్నాటికి స్టాఫ్‌రూమంతా పాకింది. రైల్లో మిగతావాళ్లు వేరే పెట్టె ఎక్కడం మొదలెట్టారు. అతను ఒక్కడే కిటికీ పక్కన కూర్చునేవాడు. బాధగానే ఉండేది. ఇన్నాళ్లూ పెసరట్లతో కట్టుకున్న స్నేహమా అని ఒక రోజు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అయినా బిల్లు కట్టలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున మధుసూదన్ వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు. నిడుబ్రోలు దాటాక ఫోను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మాస్టారూ, మీరు మీ ఇంట్లో ఎలా చెప్పారండి?"

"ఏంటి సంగతి?"

"స్థలం కొన్నానండి. వాయిదాలు ఆగిపోయి చాన్నాళ్లయింది. మా ఆవిడకి తెలీదు. ఎంత పెరిగిందో నాక్కూడా తెలీదు, చూడాలంటే చేతులాడట్లేదు." ఫోను అతనికి అందించబోయాడు. "మీరు చూసి చెప్పండి."

రమేష్ బాబు ఫోను తీసుకోలేదు. లేచి వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.

"మీరే తెరవండి. నేను ఇక్కడే ఉంటాను."

మధుసూదన్ ఒక కన్ను మూసుకుని ఫోను తెరిచాడు. తర్వాత రెండో కన్ను కూడా తెరిచాడు. "ఓరి నాయనో" అన్నాడు.

"సాయంత్రం మీ ఆవిణ్ణి తీసుకుని మా ఇంటికి రండి, నలుగురం కూర్చుని లెక్క చూద్దాం. టీ ఇస్తాం. బిర్యానీ మాత్రం ఆశించకండి" అన్నాడు రమేష్ బాబు.