అరువు గొంతు

పొద్దున పైవాటా వాళ్ళు ఆఫీసులకి వెళ్ళిపోయాక చెల్లెలి పని మొదలయ్యేది. ముందు ఫ్రిజ్ ఆపేసేది. కిటికీకి దుప్పటి కట్టేది. ఫ్యాను ఆపి, ఫోను పరుపు కిందకి తోసేసి, మైకు పట్టుకుని బట్టల బీరువాలోకి దూరేది. వేలాడే బట్టల మధ్య కూర్చుని చదివితే గొంతు మెత్తగా పలుకుతుందని, ప్రతిధ్వని రాదని ఎవరో చెప్పగా నేర్చుకుంది. బీరువాలో ఒక స్టూలు, చిన్న లైటు, గోరువెచ్చని నీళ్ళ సీసా, ఒక పుల్లటి ఆపిల్. నోరు ఎండి పెదాలు చప్పుడు చేస్తే ఆపిల్ ఒక ముక్క కొరుక్కునేది. పదకొండింటికి పైవాటాలో పనిమనిషి వచ్చి గిన్నెలు తోమడం మొదలెట్టేలోపు ఒక అధ్యాయమైనా పూర్తి చెయ్యాలి.

ఆ బీరువాలోంచే ఆమె సబ్బులు అమ్మింది. లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి" అంది. ఆసుపత్రుల ఫోన్లలో "దయచేసి వేచి ఉండండి" అంది. ఈ మధ్య ఏకంగా నవలలే చదువుతోంది. ఎవరి కిందా పనిచెయ్యనని, తన పని తనే వెతుక్కుంటానని ఈ మహానగరానికి వచ్చి ఆరేళ్ళయింది. "ఏం గొంతమ్మా నీది" అని స్టూడియోల్లో అందరూ అనేవాళ్ళు. అన్నప్పుడల్లా ఆమె చూపు పక్కకి తిప్పుకునేది. వాళ్ళు అది వినయం అనుకునేవాళ్ళు.

ఆ గొంతు అక్కది.

చెల్లెలికి పుట్టుకతోనే బొంగురు గొంతు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంటుందని చిన్నప్పుడు ఇంట్లో అందరూ ఏడిపించేవాళ్ళు. కానీ చదవడం ఆమెకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరుగెత్తాలో, ఏ మాటని వదిలీ వదలనట్టు వదలాలో అన్నీ తెలుసు. మొదటి స్టూడియో నుంచి పరీక్షకి రమ్మని పిలుపొచ్చినప్పుడు, "ఈ గొంతుతో వెళ్తే గుమ్మంలోంచే తిప్పి పంపుతారు" అని మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చింది. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"నాది పట్టుకెళ్ళు. పది రోజులు వాడుకుని తెచ్చిచ్చెయ్" అంది, గొడుగు ఇస్తున్నంత తేలిగ్గా.

ఇద్దరూ ఒక గ్లాసు మంచినీళ్ళు చెరి సగం తాగారు. అంతే. అక్క నోట్లోంచి బొంగురు గొంతు, చెల్లెలి నోట్లోంచి గంటలాంటి గొంతు వచ్చాయి. వాళ్ళమ్మ మటుకు, "ఎక్కడా పారేసుకు రాకే. నీకసలే వస్తువులు పారేసే అలవాటు" అని హెచ్చరించింది.

పది రోజులు నెలయ్యాయి. మొదటి ప్రకటన, రెండోది, మూడోది. వచ్చిన పని వదులుకుంటే మళ్ళీ రాదని ఒక సంవత్సరం, పేరు వచ్చాక ఇచ్చేద్దామని ఇంకో సంవత్సరం. అక్క బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. ఆ బొంగురు గొంతు మూడో బెంచీ దాటి వెళ్ళేది కాదు. కొన్నాళ్ళు చూసి పెద్ద టీచరు ఆమెని ఆఫీసు గదిలోకి మార్చింది. హాజరు పట్టీలు రాయడం, సర్టిఫికెట్ల మీద ముద్ర వెయ్యడం. అక్క ఈ సంగతి చెప్పనైనా చెప్పలేదు, బావ మాటల్లో బయటపడింది. ఆ మధ్యే అక్కకి కూతురు పుట్టింది. ఆ పిల్లని అందరూ పిట్ట అంటారు. తల్లి గొంతు పిట్టకి ఫోన్లోనే తెలుసు. మధ్యాహ్నం నిద్రపోవాలంటే పిన్ని చదివిన కథ పెట్టాలి.

అక్కని ఆఫీసు గదిలోకి మార్చిన సంగతి తెలిసిన రోజు చెల్లెలు పని చెయ్యలేకపోయింది. మర్నాడు మళ్ళీ ఫ్రిజ్ ఆపి బీరువాలోకి వెళ్ళింది.

ఆరేళ్ళలో అక్క ఒక్కసారే అడిగింది. ఒక సాయంత్రం ఫోను చేసింది. ఫోన్లో అక్క మాట్లాడినప్పుడల్లా చెల్లెలికి తన పాత గొంతే వినిపించి, తనని తనే పిలుచుకుంటున్నట్టుండేది.

"వచ్చే గురువారం ఒక్కరోజు నా గొంతు కావాలే" అంది అక్క. "రెండో తరగతికి టీచరుని తీసుకుంటున్నారు. పదకొండింటికి బడి కమిటీ ముందు పిల్లలకి పాఠం చెప్పి చూపించాలి. సాయంత్రానికి మళ్ళీ నీకిచ్చేస్తాను."

"గురువారమా? ఆ రోజు రికార్డింగ్ ఉందక్కా. మానితే ఈ పని పోతుంది."

"అలాగా. సరేలే, చూద్దాం" అంది అక్క.

గురువారం రికార్డింగేమీ లేదు. ఒకసారి గొంతు చేతికొచ్చాక అక్క మళ్ళీ ఇవ్వదేమోనని ఆమె భయం. ఆ రోజంతా ఫ్రిజ్ ఆపలేదు, కిటికీకి దుప్పటి కట్టలేదు. చేతిలో పుస్తకం పెట్టుకుని, ఒక్క పేజీ తిప్పకుండా, గడియారంలో పదకొండు కావడం చూసింది. పదకొండింటికే అక్క పాఠం.

ఆదివారం పిట్ట ఫోను చేసింది.

"పిన్నీ, అమ్మ పాఠం చెప్తుంటే వెనక పిల్లలు వినబడట్లేదని అరిచారంట. ఒక సారు నవ్వాడంట. నాకు చెప్పలేదులే, నాన్నకి చెప్తుంటే విన్నా."

"తర్వాత?"

"తర్వాతేముంది, వేరే టీచరుని తీసుకున్నారు. నువ్వు నీ పనయ్యాక ఇచ్చేస్తావుగా పిన్నీ?"

సోమవారం పొద్దున్నే చెల్లెలు బస్సెక్కింది. చదువుతున్న నవలలో ఇంకా తొమ్మిది అధ్యాయాలున్నాయి. పది గంటల ప్రయాణంలా అనిపించిన ఆరు గంటల ప్రయాణంలో పక్కావిడ ఎన్నిసార్లు పలకరించినా నోరు తెరవలేదు. ఆ గొంతుతో ఇంకొక్క మాట కూడా మాట్లాడాలనిపించలేదు.

ఆ రోజు బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న అక్క తలుపు తీసి, చెల్లెలి చేతిలో సంచీ, మొహమూ చూసి, ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. చెల్లెలు సగం తాగి ఇచ్చింది. మిగిలింది అక్క తాగింది.

అరువుకెళ్ళిన గొంతు తిరిగొచ్చేటప్పుడు అడుగున కొన్ని మాటలు మిగిలిపోయే ఉంటాయి. కాసేపు బయటికి పోనిస్తే అదే తేటపడుతుంది. అందుకని అక్క కుర్చీలో నిటారుగా కూర్చుని నోరు తెరిచింది. "తలుపులు మూసుకుంటున్నాయి" అంది. "మీ చర్మానికి మెత్తని నేస్తం" అంది. తన మాటలకి తనే నవ్వేసింది. చెల్లెలు కూడా నవ్వబోయింది. అంతలో అక్క నోట్లోంచి ఇంకో మాటొచ్చింది.

"ఆ రోజు రికార్డింగ్ ఉందక్కా. మానితే ఈ పని పోతుంది."

ఈ మాట దగ్గర అక్కకి గొంతు గరగరలాడింది. మంచినీళ్ళు తాగింది. అయినా ఆగలేదు.

"ఇవ్వను. ఆరేళ్ళు కష్టపడి నేను తయారుచేసుకున్నాను. ఇది నాదే."

ఇది చెల్లెలు గదిలో ఒంటరిగా, అద్దం ముందు నిలబడి పైకే అనుకున్న మాట. గురువారం అనుకున్నదే. ఆమె నేల వంక చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత చాలాసేపు అక్క నోట్లోంచి ఒకే మాట వచ్చింది. ఒకసారి మెల్లిగా, ఒకసారి ఏడుస్తున్నట్టు, ఒకసారి మామూలుగా. "అక్కా, తప్పు నాదే. అక్కా, తప్పు నాదే."

అన్నీ అయిపోయాక అక్క మూతి తుడుచుకుంది.

"ఈ చివరిది ఎన్నిసార్లు చెప్పుకున్నావే?"

"ఏమో. రోజూ." తన గొంతు తన చెవికే మొరటుగా వినిపించింది.

"ఒక్కసారి నాకు ఫోన్లో చెప్పుంటే అయిపోయేది. పని లేదక్కా, ఇవ్వాలంటే భయంగా ఉంది అనుంటే, ఇంకో ఆరేళ్ళు ఉంచుకోమనేదాన్నేమో. అబద్ధమాడావు. అదీ నా గొంతుతో."

అక్క అరవలేదు. మెల్లిగానే అంది. అయినా ఆ గొంతు గది నిండా పరుచుకుని, వరండా దాటి, వీధిలోకి వెళ్ళింది. బడి నుంచి వస్తున్న పిట్టకి అది వినిపించింది.

"పిన్నొచ్చింది" అంటూ పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి, పరుగెత్తుకొచ్చి చెల్లెలి నడుం చుట్టేసింది.

"అది కాదు పిట్టా, నేనిక్కడ" అంది అక్క.

పిట్ట తలెత్తి పిన్నిని చూసింది. పిన్ని పెదాలు కదల్లేదు. మెల్లిగా వెనక్కి తిరిగి తల్లిని చూసింది. కొత్తవాళ్ళింటికి వచ్చినట్టు రెండడుగులు వేసి ఆగిపోయింది. అక్క చేతులు చాపలేదు, పిలవలేదు. పిట్ట దగ్గరికెళ్ళి ఆమె మెడ మీద చెవి ఆనించి, "ఇంకోసారి" అంది.

చెల్లెలు ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. ఉండమని ఎవరూ అనలేదు.

నవల వేరే ఆమెకి ఇచ్చారు, మొదటి అధ్యాయం నుంచీ మళ్ళీ చదివించారు. రికార్డిస్టు మంచివాడు, కసురుకోలేదు. "ఈ గొంతుకి పని తక్కువండీ. ఏదైనా వస్తే చెప్తాను" అన్నాడు. అక్కడ అక్కకి మాత్రం అనుకోని మేలు జరిగింది. ఒకరోజు వాన పడి ప్రార్థన గంట వినబడకపోతే, అక్క వరండాలో నిలబడి పిల్లలందర్నీ వరసలో నిలబడమని ఒక్క మాట అంది. ఆ చివరి గదుల్లోంచి కూడా పిల్లలు వచ్చి నిలబడ్డారు. రెండో తరగతికి తీసుకున్న కొత్త టీచరు ఇంకేదో ఊళ్ళో ఉద్యోగం దొరికి వెళ్ళిపోగానే, పెద్ద టీచరు కమిటీనీ పిలవలేదు, పరీక్షా పెట్టలేదు. అక్క చేతికి చాక్‌పీసు ఇచ్చింది.

ఇదంతా చెల్లెలికి పిట్టే చెప్పింది. అక్క ఫోను చెయ్యలేదు. రెండు నెలలకి చెల్లెలే చేసింది.

"అమ్మ మాట్లాడనంటోంది పిన్నీ. గొంతు నొప్పంట. పొద్దుట్నించీ ఎక్కాలు చెప్పించిందిగా."

"సరే. ఫోను అలా బల్ల మీద పెట్టేసి వెళ్ళి ఆడుకో."

పిట్ట పెట్టేసి వెళ్ళింది. పంపు నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు, వాటి మీదుగా బావతో ఏదో చెప్తూ అక్క నవ్వు. చెల్లెలు కదలకుండా విన్నది. కాసేపటికి అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఫోను ఎవరో చేతిలోకి తీసుకున్నారు.

"పనేమైనా దొరికిందా?" అంది అక్క.

"ఒకటి దొరికింది. పిల్లల నాటకంలో ముసలి దయ్యం."

అటువైపు పంపు కట్టేసిన చప్పుడు. అక్క నవ్వు ఆపుకుంటోందో లేదో తెలియలేదు.

"నాకింకా కోపం పోలేదు" అంది అక్క.

"తెలుసక్కా."

"ఊఁ" అంది అక్క. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. "ఏదీ, ఆ దయ్యం ఎలా మాట్లాడుతుందో ఒకసారి వినిపించు."