పేనుబంక తప్పేమీ లేదు

"మీ సార్ నిన్న ఫోన్ సేసినాడు. నువ్వు రావని సెప్పీసాను," అన్నాడు సాయిశంకర్, హెల్మెట్ అద్దం తుడుచుకుంటూ.

రోజారమణి అప్పుడు రెండు కేరేజీలకి మూతలు పెడుతోంది. ఒకటి మొగుడిది, ఒకటి తనది. పోర్టు ఆఫీసులో ఆయన కేరేజీకి మంచి పేరుంది, అందుకని వేపుడు ఎప్పుడూ అందులోకే ఎక్కువ వెళ్తుంది. ఎక్కడికి రానని చెప్పావు అని రమణి అడగలేదు. పాడేరు. ఈ వానాకాలమంతా అక్కడ గది తీసుకుని ఉండి, కొండల మీది చోడి చేలు, అంటే రాగి చేలు తిరిగి, తెగులు పట్టిన ఆకులు తీసుకొచ్చే పని. తను ఉద్యోగం చేసే పరిశోధన కేంద్రానికి పెద్ద శ్రీరామ్మూర్తి గారు. మొన్న ఆయన అడిగితే "ఇంట్లో కనుక్కుని చెప్తాను సార్" అంది. ఆయన ఆ ఇంటికే నేరుగా ఫోన్ చేసి కనుక్కున్నారు. ఇద్దరు మగాళ్ళూ మాట్లాడేసుకున్నారు, పని అయిపోయింది. కోపం రావాలి కదా అనుకుంది రమణి. కాసేపు చూసింది కూడా, వస్తుందేమోనని. రాలేదు. కేరేజీ మూత నొక్కితే టక్కుమంది, అంతే.

"పాడేరంటే మాటలేటి? ఘాట్ రోడ్డూ, బస్సులూ. నువ్వు ఒక్కత్తివీ ఎక్కడికైనా ఎల్లేవేటి ఎప్పుడైనా?" అన్నాడాయన. ముద్దుగానే అన్నాడు. ఎప్పుడూ ముద్దుగానే అంటాడు, అదే వచ్చిన చిక్కు. తిట్టేవాడైతే ఎదురు తిట్టొచ్చు.

గోపాలపట్నంలో వాళ్ళ వీధి వీధంతా రమణిని చూసి "పెట్టి పుట్టావే" అంటుంది. పొద్దున్న బండి మీద దింపుతాడు, సాయంత్రం అయిదున్నరకి గేటు దగ్గర నిలబడతాడు, వానొస్తే రెండు రెయిన్ కోట్లు తెస్తాడు. కాలు కింద పెట్టనివ్వడమ్మా ఆ అబ్బాయి! అత్తగారు రామలక్ష్మమ్మయితే మరీను. "మా వోడు కాబట్టి సరిపోనాది. మీ మావయ్య నన్ను ఒక్కనాడైనా సైకిలెక్కించినాడేటి?" అంటుంది, వత్తులు చేసుకుంటూ. నిజమే, పాపం, ఎక్కించలేదు. పెళ్ళికి ముందు రమణికి సొంతంగా ఒక స్కూటీ ఉండేది. "ఒకే దారికి రెండు బళ్ళెందుకు?" అన్నాడు సాయిశంకర్, అదీ సబబే. స్కూటీ ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. అయిదున్నర దాటితే ఆయన గేటు దగ్గర ఎదురుచూడాలి కాబట్టి, ఆరింటి దాకా సాగే పన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. ఎవరూ లాక్కోలేదు. రమణే ఇచ్చేసింది, నవ్వుతూ. కూతురు విజయవాడ హాస్టల్లో చేరేటప్పుడు కూడా "అమ్మా, నువ్వు రాకు, నాన్నొచ్చి దింపుతాడులే, నీకు దారి తెలీదు," అంది. ఆ మాటకి కూడా రమణి నవ్వింది.

కేంద్రం ద్వారకా నగర్లో, బస్ కాంప్లెక్సుకి నాలుగడుగుల్లో. మేడ మీద వల కట్టిన షెడ్డులో కుండీల్లో చోడి మొక్కలుంటాయి. ఆకుల మీద పసుపు గీతల తెగులు. ఆ తెగులు తెచ్చే వైరస్ ని ఇన్నేళ్ళూ బతికించింది రమణే. జబ్బు మొక్క చచ్చేలోపు దాని ఆకు కోసి, కల్వంలో నూరి, ఆ రసంలో వేలు ముంచి, ముగ్గుపిండిలాంటి గరుకు పొడి అద్ది, లేత మొక్క ఆకు మీద మెల్లగా రుద్దాలి. మళ్ళీ కొన్నాళ్ళకి దాన్నుంచి ఇంకోదానికి. సెలవు పెట్టినా ఆ రోజుకి మాత్రం వచ్చి చేసి పోయేది. ఇప్పుడొచ్చిన తంటా ఏమిటంటే, చేనులో ఈ తెగుల్ని మొక్క నించి మొక్కకి మోసేది పేనుబంక, అదే ఆకుల రసం పీల్చే చిన్న పురుగు. ఆర్నెల్లుగా ఎన్నిసార్లు ఆ పురుగుల్ని జబ్బు మొక్క మీద వదిలి మంచి మొక్క మీదకి మార్చినా, మంచి మొక్క నిక్షేపంలా పచ్చగానే ఉంటోంది.

"నీ పురుగులు సోమరిపోతులమ్మా. సరిగ్గా మేపుతున్నావా? ఇంటి గొడవల్లో పడి ధ్యాస తప్పుతోందేమో," అన్నారు శ్రీరామ్మూర్తి గారు ఆర్నెల్లూ. రమణి పురుగుల్ని మార్చింది. కుండీలు మార్చింది. తప్పు తన దగ్గరే ఉంటుందనుకోవడం అలవాటే, కష్టమేమీ అనిపించలేదు. చివరికి పురుగుల్ని వదిలేసి, వైరస్ నే హైదరాబాద్ పంపించి దాని జన్యువుల్ని చదివించింది. ఆ ఫలితం ఇవాళ వచ్చింది.

మొదట్లో చేను నించి తెచ్చినప్పటి వైరస్, ఇప్పటి వైరస్, కంప్యూటర్లో పక్కపక్కన పెట్టుకుంది. వైరస్ తొడుగు మీద ఒక చిన్న పట్టు ఉంటుంది, పేనుబంక మూతికి అంటుకోవడానికి. ఆ పట్టు ఇప్పుడు లేదు. వైరస్ పెరిగేటప్పుడు తనని తాను కాపీ చేసుకుంటుంది, కాపీల్లో తప్పులు పడుతూనే ఉంటాయి. చేనులో అయితే పట్టు పోయిన కాపీ ఆ మొక్క దాటలేక, ఆ మొక్కతోనే పోతుంది. ఇక్కడ ఎందుకు పోతుంది? రమణి తన వేలి మీద ఎక్కించుకుని, కొత్త ఆకు మీద దింపుతోందాయె! పట్టు లేకపోయినా ఏ లోటూ లేదు. చివరికి పట్టు లేని కాపీలే మిగిలాయి.

"అంటే నీ చేతుల్లోనే పాడయిందన్నమాట," అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

"పాడవలేదు సార్. మొక్కలో ముందుకంటే జోరుగా ఉంది. మోసేవాళ్ళుంటే దానికి బయటికెళ్ళే పనేముంది? పేనుబంక తప్పేమీ లేదు."

"సరే, ఇంక కొండ మీద వైరస్సే గతి. మన ఎల్లారావు వెళ్తాడు. తెగులెలా ఉంటుందో అతనికి కాస్త చూపించు. అన్నట్టు, టీ... కొట్టుకి అబ్బాయిని పంపకమ్మా, నువ్వే పెట్టు. నీ చేతి టీ తాగితేనే తాగినట్టుంటుంది."

రమణి టీ పెట్టింది. కిటికీలోంచి కాంప్లెక్సు మైకు వినిపిస్తోంది. సబ్బవరం, చోడవరం మీదుగా పాడేరు. రోజూ వినిపించేదే. సబ్బవరం తన పుట్టిల్లు. కాలేజీ రోజుల్లో అక్కణ్ణించి బస్సులో వస్తూ, సీటు లేకపోతే ఇంజను పక్క డబ్బా మీద కూర్చుని పరీక్షలకి చదువుకుంది. ఆపకుండా పోయిన డ్రైవరుని తర్వాతి రోజు పట్టుకుని దులిపేసింది. ఆ పిల్ల ఏమైంది? ఎవరూ ఏమీ చెయ్యలేదు. పాపం, దింపారు, ఎక్కించుకున్నారు. ఇప్పుడు ఇక్కణ్ణించి ఇంటికి ఏ నంబరు బస్సెళ్తుందో రమణికి తెలీదు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. భయం వేసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఏదో ఒకటి వేసింది.

గ్లాసు బల్ల మీద పెట్టి, "పాడేరు నేనెళ్తాను సార్," అంది.

"మీవారు రాదన్నారే!"

"ఆయన్ని అడిగారు, ఆయన చెప్పారు. నన్నడగలేదు."

శ్రీరామ్మూర్తి గారు టీ ఊదుకున్నారు. "సరే, ఇంట్లో ఓసారి కనుక్కోమ్మా."

"కనుక్కోను సార్. చెప్తాను."

అయిదున్నర కాకుండానే గేటు దాటింది. కాంప్లెక్సు బయట రోడ్డు మీదికి నడిచింది. ఆగిన మొదటి బస్సు ఎక్కేసింది. ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకున్న చేపలావిడ పక్కన చోటు దొరికింది. అంతలోకే ఫోన్ మోగింది.

"గేటు కాడున్నాను. ఏటి, ఇంకా రాలేదు?"

"బస్సెక్కానండీ."

"బస్సా? ఏ బస్సు?"

రమణి పక్కకి తిరిగి, "అమ్మా, ఇదే బస్సు?" అని అడిగింది.

చేపలావిడ పకపకా నవ్వింది. "ఏ బస్సో తెలీకండానే ఎక్కీసేవేటి పిల్లా? గాజువాక ఎల్తాది. నీది యే ఊరు?"

"గోపాలపట్నం."

"అయితే ఎన్.ఏ.డీ. జంక్షన్ కాడ దిగిపో. అక్కణ్ణించి ఏరేది ఉంటాది."

ఫోన్లో సాయిశంకర్ అంతా విన్నాడు. "సూసేవా మరి? అందుకే నాను సెప్పేది. ఎన్.ఏ.డీ.లో దిగి అక్కడే నిలబడు, కదలకు. నాను వచ్చీసి ఎక్కించుకుంటాను." గొంతులో నిజంగానే కంగారు. మంచి మనిషి.

"వద్దండీ," అంది రమణి. "పాడేరు బస్సు కూడా ఇలాగే అడిగి ఎక్కాలి కదా."