గాలానికి ఐదువందలు

బోడిగుట్టపల్లి చెరువు ఏడేళ్లకు నిండింది. నిండిన నెలకే గాలాలవాళ్లు వచ్చారు. ఆదివారమైతే చాలు, అనంతపురం నుంచి బైకుల మీద, అప్పుడప్పుడు బెంగళూరు నుంచి కార్లలో వచ్చి, కట్ట మీద గొడుగులు పాతుకుని పొద్దుగుంకేదాకా నీళ్లలోకి చూస్తూ కూర్చునేవాళ్లు. పనీపాటా లేని మనుషులని ఊరు నవ్వింది. మల్లీశ్వరి నవ్వలేదు. కట్ట కింద పొయ్యి పెట్టింది.

ఆరేళ్లు కూతురు లహరిని హాస్టల్లో వదిలి, బెంగళూరు గార్మెంట్స్‌లో చొక్కాలకు కాలర్లు కుట్టిన మనిషి. ఇప్పుడు ఆదివారానికి నలభై మందికి జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెడుతోంది. కూతుర్ని ఇంటికి తెచ్చుకుని వారమంతా పక్కనే ఉంటోంది. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

గాలాలవాళ్లకు పెద్దలాంటివాడు భరత్‌కుమార్, అనంతపురంలో బట్టల కొట్టు శెట్టిగారు. చేప ముట్టినవాణ్ని వంటింట్లోకి రానివ్వని ఇల్లు ఆయనది! పట్టిన చేపను నెమ్మదిగా విడిపించి, మళ్లీ నీళ్లలో వదిలేసి, చేతులు కడుక్కుని రొట్టెకు కూర్చునేవాడు. ఆయన వస్తే వెనక పదిమంది వచ్చేవారు.

అంతలో పంచాయతీ చెరువు చేపలకు వేలంపాట పెట్టింది. పామిడి నుంచి ఎవరో కాంట్రాక్టరు వస్తున్నాడని, అతను పాడుకుంటే కట్ట మీదికి కాకిని కూడా రానివ్వడని మల్లీశ్వరి చెవిన పడింది. చనిపోయిన మొగుడి అన్న ఈశ్వరప్ప దగ్గరికి పరిగెత్తింది.

"నువ్వు పాడు బావా. మన చెరువు మన చేతిలో ఉండనీ."

ఈశ్వరప్ప చెనిక్కాయ రైతు. చేపల సంగతిలో ఓనమాలు కూడా తెలియవు. కానీ పాట దగ్గర ఆ కాంట్రాక్టరు "నీకెందుకప్పా ఇది" అని నవ్వేసరికి రోషం పొడుచుకొచ్చింది. యాభై వేలు పలకాల్సిన చెరువును రెండు లక్షలకు పాడి, మీసం తిప్పుకుంటూ వచ్చాడు. ఇల్లు చేరాక లెక్క వేసుకున్నాడు. మర్నాడు కట్ట మీద బోర్డు లేచింది: గాలానికి 500. అంతవరకు పంచాయతీ తీసుకున్నది యాభై.

భరత్‌కుమార్ ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. "నేను చేప తీస్కపోను కదప్పా ఈశ్వరప్పా. వదిలేస్తా కదా."

"తీస్కపోతావో వదుల్తావో నీ ఇష్టమన్నా. గాలం ఏస్తే దుడ్లు కట్టాల్సిందే."

ఆయన కట్టాడు. సాయంత్రందాకా కూర్చున్నాడు. మళ్లీ రాలేదు. వెనక పదిమందీ రాలేదు.

మూడు ఆదివారాలు మల్లీశ్వరి రొట్టెలు కుక్కలకు వేసింది. నాలుగో వారం బావను నిలదీసింది.

"తగ్గించు బావా. మనుషులే రాకపోతే ఎవరినడుగుతావు దుడ్లు?"

"వచ్చే ఏడు చెరువు నిండుతాదని రాసిస్తావా నువ్వు? నిండిన ఏడే పెట్టిన దుడ్లు లాక్కోవాల. అయినా, పాడమని చెప్పింది ఎవరు?"

పాడమన్నది తనే. బావేమీ దుర్మార్గుడు కాడు. ఈ నేల మీద పుట్టినవాళ్లంతా అంతే, వచ్చిన వానను ఆ ఏడే పిండుకోవాలనుకుంటారు, మరుసటేడును నమ్మరు. అది తెలిసి కూడా చెరువును ఆయన చేతిలో పెట్టించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మార్చి వచ్చింది. వలలు వేస్తే దొరికిన చేప కూలికీ ఐసుకూ సరిపోయింది. ఒక పొద్దున ఈశ్వరప్ప తనంతట తనే బోర్డు మీద ఒక సున్నా చెరిపేశాడు.

"పిలువు మీ శెట్టిని," అన్నాడు తలెత్తకుండా.

ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసింది. భరత్‌కుమార్ గొంతులో సంతోషం తెలిసిపోతోంది. "యాభైకి దించినాడా? ఈ ఆదివారమే వస్తాం, పన్నెండు మందిమి. నీళ్లెంత ఉండాయమ్మా?"

మల్లీశ్వరి చెరువు వైపు చూసింది. నడిచెరువులో గేదెలు నిలబడి ఉన్నాయి, మోకాళ్లు కనబడుతున్నాయి. ఉన్నాయని ఒక్క మాటంటే ఒక్క ఆదివారం గడుస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"లేవన్నా," అంది. "అయిపోయినాయి. గాలం ఏస్తే బురదే."

"సరేలేమ్మా. చెరువు నిండితే చెప్పు."

ఆమె ఫోన్ కొంగుకు తుడిచి నడుముకు దోపుకుంది. ఏం చేస్తావని ఈశ్వరప్ప అడిగాడు.

"బెంగళూరుకు పోతా బావా. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటాండారంట."

"లహరిని మా ఇంట్లో వదులు. మళ్లీ హాస్టలెందుకు? నా బిడ్డ మాదిరి చూసుకుంటా."

"నీ ఇల్లయినా హాస్టలయినా, నేను పక్కన లేనట్టే కదా బావా."

ఆమె ఊళ్లోకి నడిచింది. లహరి బడి నుంచి వచ్చాక ఈ మాట ఎలా చెప్పాలో ఆమెకు తెలియడం లేదు.