గదిలోకి ఒక్కరే

నేను చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తుంటే మా ఆయన అద్దంలో చూసుకుంటూనే అడిగాడు, "ఏంటీ, ఇవాళ కూడా ఉందా మీ కడుపులవాళ్ళ మహాసభ?"

"ఉంది" అన్నాను.

"వెళ్ళేముందు కాస్త మా టిఫిన్ సంగతి కూడా చూడు, అధ్యక్షురాలా!"

అత్తయ్య పకపకా నవ్వింది. చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. కానీ ఏడో నెల పొట్టతో నిలబడి నడుం పీకేస్తుంటే ఆ నవ్వు ఎంతసేపు నిలుస్తుంది?

మహాసభంటే పెద్దగా ఏం లేదు. ఆస్పత్రి మేడమీద గదిలో చాపలేసుకుని కూర్చునే కొందరం ఆడవాళ్ళం. మిగతావాళ్ళందరికీ తొలి కాన్పు, నాకు రెండోది. అందుకని నేను చెప్పిందే వేదం. నడుం నొప్పికి బెంబేలు పడొద్దంటాను. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే మాత్రం ఎవర్నీ అడక్కుండా ఆస్పత్రికి పరుగెత్తమంటాను. నొప్పులప్పుడు తోడు ఒక్కరినే లోపలికి రానిస్తారు కాబట్టి, ఆ ఒక్కరూ ఎవరో ముందే తేల్చుకోమంటాను. "మొహమాటానికి పోకండి. ఎవరి ముందు సిగ్గుపడకుండా అరవగలరో వాళ్ళనే పిలుచుకోండి." ఇదంతా గడగడా చెప్పేస్తాను.

ఆ రోజు ప్రశ్నలపుట్ట నా చెయ్యి పట్టుకుంది. బ్యాంకులో పనిచేసే అమ్మాయికి మేం పెట్టుకున్న పేరది. "మరి మీ పక్కన ఎవరుంటారక్కా?"

"మా అత్తయ్య."

"ఆవిడ ముందు అరుస్తారా?"

మొదటి కాన్పులో అత్తయ్య నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఊరుకో, బయట మగాళ్ళున్నారు, పరువు తీస్తావా?" అంది. దుప్పటి అంచు పళ్ళతో కొరికి పట్టుకున్నాను. ఇంటికి ఎవరొచ్చినా ఇప్పటికీ గొప్పగా చెబుతుంది, "మా కోడలు కిక్కురుమంటే ఒట్టు!" అని. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు మా అక్క గుర్తొస్తుంది. చిన్నప్పుడు తలుపు సందులో నా వేలు నలిగితే నాకంటే ముందు కెవ్వుమన్నది అక్కే. మొగుణ్ణి వదిలేసి వచ్చిందని ఆమెని ఈ గడప తొక్కనివ్వరు. "ఆవిడ నీడ మనకెందుకు?" అంటాడు మా ఆయన, ఎంత నెమ్మదిగా అంటాడో! నేనూ సర్లెమ్మని ఊరుకున్నాను. అక్క మీద ఎంత బెంగగా ఉందో ఎవరితో చెప్పుకోను? ఆ మోటు చెయ్యి, కుట్టుమిషను పనితో కాయలు కాసిన ఆ చెయ్యి, కావాలి నాకు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య హాల్లో బఠానీలు ఒలుస్తోంది. "ఆస్పత్రికి నా బట్టలు కూడా సర్దిపెట్టు" అంది. నేను ఆవిడ ఎదురుగానే కూర్చుని ఫోన్ తీశాను.

"అక్కా, కాన్పుకి నువ్వు రావాలి. లోపల నా పక్కన నువ్వే ఉండాలి."

"పిచ్చిదానా, మీవాళ్ళు ఊరుకుంటారా?"

"నాకు అరవాలనుందక్కా."

అవతల ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. "అరుద్దువుగానిలే. నేనూ అరుస్తా."

అత్తయ్య చేతిలో కాయ ఆగిపోయింది. "దాన్నెవరు పిలవమన్నారు నిన్ను? పైగా ఆ గొంతేంటి? పక్కింటివాళ్ళు వింటారు!"

"విననివ్వండి అత్తయ్యా" అన్నాను, ఫోన్ పెట్టెయ్యకుండానే, ఇంకాస్త పెద్దగా. "ఇంకో రెండు నెలలాగితే బయటున్న మగాళ్ళూ వింటారు."