పాట గెంతే చోటు

ఆటల పండుగ ఇంకా కొద్ది రోజుల్లోకి వచ్చిందనగా హగినోకి అనే బాలబడిలో పాటల పెట్టె మొరాయించింది. లోపల సీడీ ఇరుక్కుపోయింది. పెద్ద టీచరు తొమియోకా గారు పెట్టెని బతిమాలారు, నెత్తిన నాలుగు తట్టారు, చివరికి చెక్క స్కేలు దూర్చి మూత లేపారు. మూతయితే లేచింది గానీ సీడీ రెండు ముక్కలై బయటికొచ్చింది.

"పోతే పోయింది లెండి టీచరుగారూ! ఈ రోజుల్లో సీడీలు ఎవరు వింటున్నారు? అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా," అంది మియాబి వాళ్లమ్మ కసుమి. ఆ బడిలో తల్లుల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, పిల్ల పేరుతోనే తల్లిని పిలుస్తారు. "ఏమంటారు ఇరోహ వాళ్లమ్మగారూ? మైకు పని చీటీ మీకేగా వచ్చింది?"

చీటీ ఇరోహ తల్లి మినోరికే వచ్చింది. టీ పోసే పనో, తాళ్లు కట్టే పనో రావాలని లోపల్లోపల మొక్కుకుని మరీ తీసింది పాపం. హైస్కూలు సగంలో మానేసి రొట్టెల దుకాణంలో చేరింది, ఇరవై నిండకముందే తల్లయింది. ఈ వసంతంలోనే అత్తగారి ఊరికి కాపురం మార్చారు. కసుమి లాంటివాళ్లు నలుగురు చేరితే ఎక్కడ తప్పు మాట దొర్లుతుందోనని నవ్వుతోనే సరిపెట్టేది. పాటల దగ్గర మాత్రం ఆమెకి బెరుకు లేదు.

"నా ఫోన్లోంచి వేస్తాను," అంది.

"మధ్యలో ఆగిపోదు కదమ్మా?" తొమియోకా గారికి అనుమానం తీరలేదు. "ఆ రోజు మైదానం నిండా ఫోన్లే ఉంటాయి. మొన్న మా చెల్లెలింట్లో మంచి పాట వింటుంటే నడిమధ్యలో జుట్టు రంగు అమ్మేవాడు దూరాడు."

"నెలనెలా డబ్బు కట్టేవాళ్ల దగ్గరికి వాడు రాడండీ. పాటని ముందే దించుకుంటాను, సిగ్నల్ లేకపోయినా మోగుతుంది."

భయస్తులు అన్నీ ముందే ఆలోచిస్తారు. బియ్యం కడుగుతూ, బట్టలు ఆరేస్తూ, పిల్లకి జ్వరమొస్తే పక్కన కూర్చుని మినోరి వినే పాటలన్నీ నెలనెలా డబ్బు కట్టే ఆ పాటల సర్వీసువే. ఇంట్లో అల్మారా లేకుండానే అల్మారాల కొద్దీ పాటలు. ఉన్నట్టుండి కొన్ని మాయమైపోతాయని, ఒక్కో పాటకి అరడజను రకాలుంటాయని ఆమెకి తెలుసు. అందుకే ఒకటికి రెండుసార్లు వెతికింది. అదే గాయని, అట్ట మీద గొడుగు పట్టుకున్న అదే కప్ప. ఇంక బెంగలేదు అనుకుంది.

ఆమె అసలు బెంగ పాట గురించి కాదు, ఇరోహ గురించి. పెద్ద తరగతి పిల్లల నాట్యంలో ఓ చోట అందరూ ఒక్కసారిగా గెంతాలి. ముందు వరసలో ఉన్న ఇరోహ, అందరూ గెంతి కిందికి దిగాక గెంతేది. ఈ వారమే కుదిరింది. బడి నుంచి వస్తూనే బూట్లు కూడా విప్పకుండా, "అమ్మా, ఇవాళ నేను కూడా వాళ్లతోనే పైనున్నా!" అని అరిచింది. ఆ రాత్రి అన్నం మారు అడిగి మరీ తింది.

పండుగ ముందు రోజు మైదానంలో సున్నం గీతల మధ్య పిల్లల్ని నిలబెట్టారు. మినోరి పాట వేసింది. గరగర లేదు, బొంగురు లేదు, కడిగిన గాజు గ్లాసులా ఉంది పాట. "అబ్బ!" అన్నారు తల్లులు. సగం దాటాక పిల్లలంతా చేతులు పైకెత్తి ఒక్క గెంతు గెంతారు. ఇరోహ కూడా సరిగ్గా వాళ్లతోనే గెంతింది. ఆ తరవాతే అంతా తారుమారైంది. పాట ఒక దారి, పిల్లలు ఒక దారి. చివరి భంగిమలో అందరూ బిగుసుకుని నిలబడ్డా పాట ఇంకా సాగుతూనే ఉంది. ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది.

"చవకరకం పాట కొన్నారా ఏమిటి ఇరోహ వాళ్లమ్మగారూ?" అంది కసుమి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మినోరి చెవుల దాకా ఎర్రబడింది.

ఇరోహ పరుగెత్తుకొచ్చి తల్లి చొక్కా పట్టుకుంది. "అమ్మా, పాట గెంతలేదు!"

"పాట గెంతడమేంటే?"

"మేం గెంతినప్పుడు పాట కూడా గెంతాలి కదా!"

తొమియోకా గారు నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, అలవాటైపోయి మర్చేపోయానమ్మా! ఆ సీడీకి ఒక గీత పడింది. అక్కడికి రాగానే పాట ఒక చరణం ముక్క మింగేసి ముందుకి దూకేది. మొదటి ఏడాది పిల్లలు తమాషాకి దాంతోపాటే దూకారు. చూడ్డానికి ముచ్చటగా ఉందని నాట్యంలో ఉంచేశాను."

"ఎప్పటి మాటండీ అది?"

"మీ ఆయన కూడా చిన్నప్పుడు ఇక్కడ గెంతాడు."

ఇప్పుడు కొత్త సీడీ కొన్నా ఆ గీత రాదు. పిల్లలకి కాళ్లల్లో ఇంకిపోయిన నాట్యాన్ని ఒక్క పూటలో మార్చనూ లేరు. "గెంతు తీసేస్తే సరి, అక్కడ ఊరికే చప్పట్లు కొట్టిద్దాం," అంది కసుమి. ఆ మాటకి ఇరోహ ఏడవలేదు. చొక్కా వదిలేసి తన బూట్లకేసి చూసుకుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది మినోరికి.

"తీయొద్దండీ," అంది. "పాటనే గెంతిస్తాను."

అనడమైతే అంది. సాయంత్రం ఇంట్లో వేలితో పాటని ముందుకి జరిపి చూసింది. ఒకసారి చరణం దాటిపోయింది, ఒకసారి చాలలేదు. కంప్యూటరులో కోసి అతికిద్దామంటే, ఆ సర్వీసు పాట దాని గూడు దాటి బయటికి రాదు. అప్పుడొక ఉపాయం తట్టింది. ఒక ఫోన్లో పాట నడుస్తుండగా, రెండో ఫోన్ని గెంతు తరవాతి చోట సిద్ధంగా ఉంచితే? భర్త ఫోన్ లాక్కుని అందులో తన ఖాతా తెరిచింది. దానిలో పాట మొదలవగానే మొదటి ఫోన్ నోరు మూసుకుంది. ఒక్క ఖాతాకి ఒక్క చోటే పాట, దించుకున్నా ఒక్క ఫోన్లోకే. నెలనెలా డబ్బు కడుతున్న పాట మీద చిన్న గీత గీసుకునే వీలు కూడా లేదు.

రెండో ఖాతా కావాలి. ఆ సర్వీసుకే డబ్బు కడుతున్న మనిషి తల్లుల్లో ఇంకొకరే ఉన్నారని మినోరికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే, మైదానంలో తివాచీ పరుస్తున్న కసుమి ముందుకి వెళ్లి నిలబడింది. రాత్రంతా ఎన్నో మాటలు అల్లుకుంది. తీరా నోరు తెరిస్తే, "మీ ఫోను కావాలి," అని మాత్రం వచ్చింది.

సంగతంతా విన్నాక కసుమి కనుబొమలు ఎగరేసింది. "నా ఫోన్ మీ చేతికిస్తే మియాబిని వీడియో ఎవరు తీస్తారు?"

"మీవారు తీస్తారు."

"ఆయన తీస్తే పిల్ల కాళ్లు, పక్కవాళ్ల గొడుగు, అంతే!" అని తివాచీ మూల సరిచేసింది. "సరే. ఫోన్ మాత్రం ఇవ్వను. నేనే నొక్కుతాను."

"నొక్కండి. కానీ నేను చెప్పినప్పుడే," అంది మినోరి. కసుమితో అలా మాట్లాడింది తనేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

గుడారం కింద బల్ల మీద రెండు ఫోన్లు, వాటి మధ్య కసుమి తెచ్చిన ఒనిగిరి అన్నం ముద్దల డబ్బా. రెండు ఫోన్లూ మైకు పెట్టెకి తగిలించి ఉన్నాయి, దాని మీట జరిపితే ఒకదాని పాట ఆగి రెండోదానిది వినిపిస్తుంది. పెద్ద తరగతి పేరు పిలిచారు. పాట మొదలైంది. మినోరి ఫోన్ వైపు చూడలేదు. ఒక చెయ్యి మీట మీద వేసి, ఇరోహ మోకాళ్ల మీదే చూపు నిలిపింది. గెంతబోయే ముందు ఇరోహ మోకాళ్లు వంచి కింది పెదవి కొరుకుతుంది.

పెదవి కొరికింది.

"నొక్కండి!"

మీట ఇటు నుంచి అటు జారింది. పాట ఒక ముక్క మింగేసి ముందుకి దూకింది. పిల్లలంతా గాల్లో ఉన్నారు, ఇరోహ కూడా. వెనక వరసలో తాతలు, మామ్మలు గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. ఏళ్ల తరబడి వాళ్లు ఎదురుచూసే చోటది. పాట, పిల్లలు ఒక్కసారే ఆగారు.

"అమ్మయ్యా!" కసుమి కుర్చీలో కూలబడింది. "ఎక్కడ తప్పు నొక్కుతానోనని హడలి చచ్చాను. మీకెలా భయం వెయ్యలేదండీ?"

"వేసింది. అందుకే మీ మీద అంత గట్టిగా అరిచాను."

కసుమి ఫక్కున నవ్వి డబ్బా మూత తీసి ఇటు జరిపింది. "తినండి, లోపల ఊరేసిన ఉమె పండు పెట్టాను. వచ్చే ఏడాది చీటీ ఎవరికి వచ్చినా ఈ బల్ల మనిద్దరిదే."

తొమియోకా గారు వచ్చి రెండు ఫోన్లనీ మార్చి మార్చి చూశారు. "అయితే ఆ నెలవారీ పాటలు మంచివేనంటావా అమ్మా?"

"మంచివేనండీ. ఏ పాటడిగినా ఇస్తాయి," అంది మినోరి, నోటినిండా అన్నంతో. "గీతలు మాత్రం మనమే పెట్టుకోవాలి."

ఇంటికి వెళ్తుంటే సైకిల్ వెనక సీటులోంచి ఇరోహ మళ్లీ ఆ పాటే కావాలంది. మినోరి ఫోన్ని ముందు బుట్టలో పెట్టి పాట వేసింది. పాట ఆ చోటికి వస్తోంది.

"అమ్మా, ఇక్కడ గెంతించు!"

"ఒక్క ఫోనేగా ఉంది, ఎలా గెంతించనే?"

"గెంతించూ!"

వంతెన ఎక్కే చోట రోడ్డుకి ఒక గతుకుంది. రోజూ దాన్ని తప్పించి వెళ్లే మినోరి, ఇవాళ చక్రాన్ని సరిగ్గా దాని మీదికే పోనిచ్చింది.