ఆకుపచ్చ గుడ్డకు కాపలా

సర్కస్ గుడారంలోకి ఆకుపచ్చ గుడ్డ వస్తే పొద్దు గడిచేలోగా ఒక ప్రాణం పోతుందని ఫ్రాన్సులో ఊరూరా తిరిగే సర్కస్ వాళ్లందరి నమ్మకం. బార్దొలే సర్కస్‌లో ఆ నమ్మకానికి కాపలాదారు ఆన్సెల్మ్. జీతం మాత్రం గుడారాన్ని నిలబెట్టే మోకులు చూసుకోవడానికి తీసుకునేవాడు.

ఆ ఉదయం వానలో దగ్గుతూ మోకులన్నీ వదులు చేశాడు. తడిసిన జనపనార బిగుసుకుని గూటాలను పెకలిస్తుంది; ఆరితే సాగుతుంది, సమ్మెటతో గూటాలు దిగ్గొట్టి మళ్లీ బిగించాలి. వయసంతా చేసిన పనే. చేతులకు వచ్చు, బుర్రతో దానికి అవసరం పడలేదు. సారాకు కందిన ముక్కు, మైనం పట్టించిన మీసం, అన్నీ తెలుసన్న చూపు.

మధ్యాహ్నం ఎండ కాసింది. అందరూ సూపు తాగుతుండగా ఊయల మీద విన్యాసాలు చేసే ఒదీల్ ఆకుపచ్చ కండువాతో వచ్చింది.

"తీసెయ్ పిల్లా! చావును మెడకు చుట్టుకున్నావ్."

"చలికి చుట్టుకున్నా మామా, మా అమ్మ అల్లింది. నీ సూపులో ఉల్లికాడలది ఏ రంగో?"

"తినేది వేరు, కట్టేది వేరు!"

విదూషకుడు గాస్పార్ పగలబడి నవ్వాడు. నవ్వి, తన గిన్నెలోని కాడలను చాటుగా కుక్కకు వేశాడు.

ఆన్సెల్మ్ మధ్యాహ్నమంతా ఆకుపచ్చ రంగు కోసం బళ్లు గాలించాడు. గుర్రం తలమీద అలంకరించిన ఆకుపచ్చ ఈకలు పీకాడు. ఒదీల్ కునుకు తీస్తుండగా కండువా దొంగిలించి గుర్రపుశాల వెనక పాతిపెట్టాడు. ఈలోగా మోకులు ఎండలో ఆరుతూనే ఉన్నాయి.

సాయంత్రం జనం రాకముందే ఒదీల్ తన ఊయల ఉన్న నడిమి స్తంభాన్ని నిలబెట్టే మోకు పట్టి లాగింది.

"మామా, ఇది బట్టలారేసే తాడులా వేలాడుతోంది. బిగిస్తేనే ఎక్కుతా."

"దరిద్రాన్ని పాతిపెట్టి వచ్చానే! ఇంకా భయమేంటి? నేనెక్కి చూపిస్తా."

"దిగు మామా! నీ మొండితనం తగలెయ్య!"

అతడు నిచ్చెనెక్కి, ఊయల కడ్డీ మీద కూర్చుని, మీసం దువ్వుకుని ఊగాడు. నడిమి స్తంభం ఒక్కసారి ఒరిగి కుదిపింది. రంపపు పొట్టులో పడ్డప్పుడు పెద్దగా చప్పుడు కూడా కాలేదు. వైద్యుడు వచ్చి, ప్రాణం లేదని చూసి, అతడి కనురెప్పలు మూశాడు.

యజమాని బార్దొలే టోపీ తీశాడు. "పాపం, ఆ పాడుగుడ్డను తన చేత్తోనే ముట్టుకున్నాడు."

అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు.

ఒదీల్ బయటికి నడిచింది. వేలాడే మోకు కింద, గూటం పక్కన, అతడి సమ్మెట ఉదయం పెట్టిన చోటే ఉంది.