ముందువానికి కనబడిన దారి

కార్తీకారంభమున సముద్రముమీదినుండి వచ్చిన నీలమేఘమండలము పులికాటు సరస్సుపై మూడు దినములు కదలక నిలిచి నాలవనాటి మధ్యాహ్నమునకు తీరమందలి చవిటినేలల నెల్ల నేకపంకమయముగా జేసెను. కొంగలు సైతము రెక్కలు ముడుచుకొని తుమ్మచెట్ల నాశ్రయించిన యా ఘోరవర్షవేళ నా నేలలనడుమ పండ్రెండు మలుపులు దిరిగిన కారుపందెముల బాటపై సంవత్సరాంతపు తుదిపందెము జరుగవలసియుండెను. వాన వెలియునని నిర్వాహకులు రెండుమారులు వాయిదా వేసి మూడవమారు వెలియకున్నను మొదలుపెట్టిరి; గొడుగులక్రింద గూర్చున్న జనము లేచిపోవుదురన్న భయము వారికి వానభయముకంటె నెక్కువయయ్యెను.

గూడూరి లారీషెడ్డులో బుట్టి యంత్రఘోషమే జోలపాటగా బెరిగిన వేదాద్రి యాఱేండ్లుగా పందెములాడుచు మూడవస్థానమునకు మించి యెఱుగనివాడయ్యు నాడు తొలిమలుపులోనే యిద్దఱను దాటి యగ్రగామి యయ్యెను. ఇరువదిచుట్ల యా పందెము పదిచుట్లు నిండినపిదప నెప్పు డాగినను లెక్కకు వచ్చును; పదికి ముందాగినచో జరుగనట్లే. జరిగినచో నా యేటి కప్పు వేదాద్రిది. జరుగనిచో రెండు పాయింట్లు ముందున్న యొక మదరాసువానిది. ఈ లెక్క స్టీరింగు పట్టినది మొదలు అతని తలలో నీగవలె ముసురుచుండెను.

వానలో లారీ వెనుక స్కూటరుపై బోయినవారి కెల్లరకు నెఱుకయైన సంగతి యొకటి గలదు. ముందుపోవువాడు చూచునది దారి. వాని చక్రములు చిమ్ము నీటిపొగలో వెనుకవాడు చూచునది తెల్లని గోడ. అందులకే వానపందెములలో ప్రతి కారు వెనుకను ఒక యెఱ్ఱదీపము వెలుగుచుండును. ఆ యుదయమున, పదునెనిమిదిమందిలో కడపటిస్థానమునుండి బయలుదేరబోవుచున్న మందాకిని యను సూళ్లూరుపేట యువతి, తొలియేడు పందెమునకు వచ్చినది, భయమును నవ్వుమాటున దాచుకొని వచ్చి వానలో నెట్లు తోలవలెనని యడుగగా వేదాద్రి ముందుకారు దీపమును విడువవలదనియు దీపము గానరానియెడల వెంటనే యాక్సిలరేటరుమీది కాలు పైకెత్తవలెననియు జెప్పి ధైర్యమిచ్చి పంపెను.

ఏడవచుట్టు మొదలున వాన యిబ్బడియయ్యెను. పందెము నడుపు నధికారియగు సర్వోత్తమరావు తనగది కిటికీలోనుండి చూచి తనకేమియు గానరాక యెప్పటి యలవాటుచొప్పున ముందున్నవానినే రేడియోలో నడిగెను.

“వేదాద్రీ, దారి కనపడతా ఉందా? ఆపమంటే ఆపేస్తాం.”

“కనపడతా ఉంది సార్. బాగానే ఉంది.”

ఆ మాట యబద్ధము గాదు. అయినను పరులసొమ్ము జేబులో వేసికొన్నట్లు అతని మనస్సు కుదుటబడకపోయెను. రెండేండ్లక్రింద నిదే బాటపై నిట్టి వానలోనే తాను పండ్రెండవవాడై తెల్లనిగోడలోనికి దూసికొనిపోవుచు, దారి బాగున్నదని పలికిన నాటి యగ్రగామిని నోరార తిట్టుకొనియుండెను. ఆనాడు పొగలో నాగియున్న కారును గ్రుద్దిన వేదాద్రి మిత్రుడు నేటికిని చక్రాలకుర్చీ విడువలేదు. నాలుగవ మలుపున జ్ఞప్తికి వచ్చిన యీ సంగతి తొమ్మిదవ మలుపుదాక నతని విడువలేదు. అద్దములో జూడగా పదునేడు కార్లుండవలసినచోట నొక్క దీపమైనను లేదు. ఇంక నెన్ని చుట్లని తనకు దా నచ్చజెప్పుకొనెను. చెప్పుకొన్నకొలది చూపు అద్దమువైపే మరలెను. ఎనిమిదవచుట్టు మొదలున అతడే రేడియో నొక్కెను.

“సార్, ఇందాక నేను చెప్పింది నా ముందు సంగతి. వెనకాల వాళ్లకి ఏమీ కనపడదు. ఆపెయ్యండి.”

“ఇంకో మూడు చుట్లయితే కప్పు నీదే గదయ్యా. ఆలోచించే చెప్తున్నావా?”

“ఆలోచించకుండా చెప్పింది ఇందాక సార్.”

ఎఱ్ఱజెండాలు లేచెను. వేదాద్రి వేగము తగ్గించి మెల్లగా పోవుచు తొమ్మిదవ మలుపు దిరిగినంతనే నీటిమడుగులో బాటకడ్డముగా నొక నీలికారు ముక్కు నుగ్గై నిలిచియుండుట గాంచి పది బారల దూరమున నాపెను. అది మందాకిని కారు. అంతకుముందటి చుట్టులో, వేదాద్రి మొదటిమాట పలికినపిదప, మడుగున జాఱి బాటప్రక్కగోడకు గొట్టుకొని మరలి బాటపైకి వచ్చిపడెను. కడపటికారు గావున వెనుకనుండి చూచినవారు లేరు, జెండా పట్టువానికి సైతము పొగలో గానరాలేదు. నిండువేగమున నా మలుపునకు మొదట రావలసినవాడు తానే యని వేదాద్రికి అప్పుడు తెలిసెను.

మఱునాటి యుదయమున నెల్లూరి యాసుపత్రిలో మందాకిని కాలికి కడ్డీలు వేసి పరుండబెట్టియుండిరి. ఆమె తల్లి వేదాద్రి చేతులు కన్నుల కద్దుకొని బత్తాయి యొలిచి తొనలు చేతబెట్టెను. పందెము నాపించిన పుణ్యాత్ము డతడే యని సర్వోత్తమరావు వారికి జెప్పెనట. అంతవఱకే చెప్పెను. మొదటిమాట సంగతి తనకును సర్వోత్తమరావునకును దప్ప నెవరికిని తెలియదు, ఊరకుండదలచిన నూరకుండవచ్చును. తొనలు చేతిలో నట్లే యుండగా వేదాద్రి నిలువలేక కిటికీదాక పోయి వచ్చి, మరల పోయి వచ్చి, మంచముకడ నిలిచెను.

“మొదట అడిగినప్పుడు కనపడతా ఉందని చెప్పింది గూడా నేనేమ్మా. నువ్వు గుద్దుకున్నది ఆ తర్వాతే.”

తల్లి చేయి బత్తాయిమీద నాగిపోయెను. మందాకిని కోపములేని గొంతుతో నడిగెను.

“ఆఖర్న ఉన్నది నేను గదన్నా. నన్నెవరూ అడగలేదేం?”

ఆ సాయంకాలమే వేదాద్రి సర్వోత్తమరావు కడకు బోయి యామె ప్రశ్నను కాగితముపై వ్రాసి బల్లమీద బెట్టి సమాధానము వచ్చుదాక కుర్చీనుండి కదలనని కూర్చుండెను.

మఱుసటి కార్తీకమునను వాన వచ్చెను, పందెమును వచ్చెను, వేదాద్రియు మరల ముందుండెను. ఈమారు అధికారిగదిలో రేడియోకడ గూర్చున్నది కుంటుచు మెట్లెక్కి వచ్చిన మందాకిని. నూతననియమానుసారముగ నామె ప్రశ్న కడపటి కారుతో మొదలయ్యెను. ఆ ప్రశ్నోత్తరములు కార్లన్నిటను వినబడుచుండెను. దారి కనబడుచున్నదా యని దారి కనబడనివారినే యడుగవలయునను నింతమాత్రపు వివేకమునకు నొక కాలును నొక కప్పును వ్యయమయ్యెను. ఆ యేడే పందెములకు వచ్చిన యొక డ్రైవరు గొంతు వేదాద్రి చెవిని బడెను.

“లేదక్కా. ఏమీ కనపడటం లేదు.”

తనకు మాత్రము తేటగా గనబడుచున్న దారిపై, ఎఱ్ఱజెండా లేవకమునుపే, వేదాద్రి కాలు పైకెత్తెను.